గుట్ట చుట్టూ మూడు రౌండ్లు, మధ్యలో నిమ్మకాయ

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి, మిగతా సగం ఎండబెట్టి తూచుకోవాలని మా రాజాంలో అందరికీ తెలుసు. ఆ పేరు నాకు ఊరికే రాలేదు, ఏళ్ళ తరబడి కష్టపడి సంపాదించుకున్నాను. అందుకే పెళ్ళి వీడియోలు తీసుకుని బతికే నేను ఒక డ్రోను కొన్నానని తెలిసినప్పుడు జనం సంతోషించారు. ఇకమీదట నేను చెప్పింది నమ్మక్కర్లేదు, అది చూపించింది చూస్తే సరిపోతుందని. డ్రోను అబద్ధం ఆడదు. దానిలో నాకు నచ్చనిది అదొక్కటే.

మొదటి రెండేళ్ళూ దానికి పెళ్ళిళ్ళే అలవాటు చేశాను. పెళ్ళికొడుకు ఊరేగింపు మీద ఎగరడం, పందిరి చుట్టూ తిరగడం, పంతులుగారి బట్టతల మీద కాసేపు ఆగి మెరుపు పట్టుకోవడం. పెళ్ళివారు నెమ్మదిగా నడుస్తారు, మధ్యలో ఆగి కిళ్ళీ వేసుకుంటారు. అలాంటి పనికి అలవాటు పడ్డ యంత్రాన్ని మోటారుబళ్ళ పందెం మీదకు తోలాల్సి రావడానికి కారణం మా బావలిద్దరూ.

మా పెద్దక్క మొగుడు పెద్దబావ, చిన్నక్క మొగుడు చిన్నబావ. ఇద్దరూ మెకానిక్కులు. ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నారు, ఒకే ఇంటికి అల్లుళ్ళయ్యారు, ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా షెడ్లు పెట్టుకున్నారు. షెడ్ల వెనకే కాపురాలు. స్పానరు కింద పడితే ఆ చప్పుడు విని అది ఎన్నో నంబరు స్పానరో చెప్పేస్తాడు పెద్దబావ. బండి నెట్టుకొచ్చేవాడి ముఖం చూసి బండికున్న జబ్బు చెప్పేస్తాడు చిన్నబావ. ఈ రెండింట్లో ఒకటి నిజం. ఏదో చెప్పను.

ఏటా వరి కోతలైపోయి, కళ్ళాలు ఎత్తేశాక, చీపురుపల్లి అవతల పాత మాంగనీసు గుట్ట దగ్గర మెకానిక్కుల పందెం జరుగుతుంది. అక్కడి తవ్వకాలు ఎప్పుడో ఆగిపోయాయి. తవ్విపోసిన నల్లరాయి మాత్రం ఏనుగుల మంద పడుకున్నట్టు మిగిలిపోయింది. దాని చుట్టూ మూడు రౌండ్లు తిరిగి ముందొచ్చినవాడు గెలిచినట్టు. నియమం ఒక్కటే. కొన్న బండి పనికిరాదు, పాతసామాను కొట్లో దొరికిన ముక్కలతో ఎవడి బండి వాడే కట్టుకోవాలి. అందువల్ల అక్కడికి వచ్చే బళ్ళకు తల్లీతండ్రీ ఎవరో చెప్పలేం. ఒకదానికి ట్యాంకు బదులు నూనె డబ్బా ఉంటుంది, ఒకదాని సీటు ఆటో నుంచి వస్తుంది, ఇంకొకదాని సైలెన్సరు మొన్నటిదాకా ఎవరి చెరుకుతోటలోనో నీళ్ళు పారించిన గొట్టం.

పందెంలో పదిమంది దిగినా చివరికి మిగిలేది మా బావలే. చిక్కల్లా గుట్ట దగ్గర. జనం ఒకవైపే నిలబడతారు, గుట్ట వెనక ఏం జరుగుతుందో ఎవరికీ కనిపించదు. పోయినేడు ఇద్దరూ పక్కపక్కనే వచ్చి గీత దాటారు. నువ్వు గుట్ట వెనక అడ్డదారిన వచ్చావంటే నువ్వే వచ్చావని అక్కడే పట్టుకున్నారు. విడదీసి ఇంటికి తీసుకొచ్చి, మా అమ్మ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టింది. పప్పు అయింది, పులుసు అయింది. మజ్జిగ దగ్గర పెద్దబావ చెయ్యి కడిగేసుకున్నాడు.

"వచ్చే ఏడు ఓడిపోయినోడు షెడ్డు ఎత్తీసి సీపురుపల్లి ఎల్లిపోవాల. ఈ రోడ్డు మీద ఒక్క మెకానిక్కే ఉండాల," అన్నాడు.

"నానేటి బయపడతానేటి. సామాను ఇప్పట్నుంచే కట్టుకో," అన్నాడు చిన్నబావ.

చుట్టాలందరి ముందూ అన్న మాటలు. మా వైపు అలా అన్నాక వెనక్కి తీసుకోవడం అంటే మీసం తీసుకోవడమే. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అంతకుముందు ఏదైనా పనిముట్టు కావాలంటే రోడ్డు దాటకుండా అటు నుంచి ఇటు విసిరేసుకునేవారు, మధ్యలో సైకిలు మీద వెళ్ళేవాడు అలవాటుగా తల వంచేవాడు. ఇప్పుడు అదే పనిముట్టు కోసం ఒకరు విజయనగరం దాకా పోయి వస్తున్నారు. మా అమ్మ పొద్దున్న టీ పెద్దకూతురింట్లోనూ సాయంత్రం టీ చిన్నకూతురింట్లోనూ తాగుతుంది. పందెం తర్వాత ఏ పూట టీ పోతుందోనని ఆవిడ బెంగ. చిన్నబావ చీపురుపల్లి స్టేషను దగ్గర ఖాళీ షెడ్డు ఒకటి చూసొచ్చాడని చిన్నక్క ఏడుస్తూ నాకు చెప్పింది. ఎందుకైనా మంచిదని నేను వెళ్ళి విచారించాను. అంతకు నాలుగు రోజుల ముందే పెద్దబావ వచ్చి అదే షెడ్డు చూసుకుని వెళ్ళాడట.

ఈ ఏడు గొడవ రాకూడదని మెకానిక్కులందరూ కూర్చుని, గుట్ట వెనక కూడా కనిపించేలా డ్రోనుతో తీయించాలని తీర్మానించారు. ఆ రోజు ముహూర్తాలు లేవు, నేను ఖాళీ. బావమరిదిని కాబట్టి ఇద్దరికీ సమానంగా అన్యాయం చేస్తానని వాళ్ళ నమ్మకం.

తీర్మానం అయిన మర్నాటి నుంచి నా దశ తిరిగింది. పెద్దక్క చేపల పులుసు పెట్టి, తమ్ముడూ సరిగ్గా తియ్యరా అంది. చిన్నక్క నాటుకోడి వండి, ఇంకేమీ అనకుండా నా కంచం వైపే చూస్తూ కూర్చుంది. పెద్దబావ నా స్కూటరు అడగకుండానే సర్వీసు చేశాడు. అది చూసి చిన్నబావ దాన్నే తీసుకుపోయి మళ్ళీ సర్వీసు చేశాడు. రెండుసార్లు నూనె తాగిన ఆ స్కూటరు ఎంత మెత్తగా తయారైందంటే, స్టాండు వేసి నిలబెట్టినా వాలు ఎటుంటే అటు బయల్దేరేది. ఒక పూట నన్ను ఎక్కించుకోకుండా ఇంటికొచ్చేసింది కూడా.

పందేనికి ముందు రోజు అమ్మ నా పక్కన కూర్చుని డ్రోను వైపు చూపించింది.

"ఒరే, అది ఉన్నది ఉన్నట్టే సూపిస్తాదా?"

"అందుకే కదమ్మా అది ఉన్నాది."

"ఇన్నాళ్ళు నీ సేతిలో ఉన్నాది కదరా. కొంచెమైనా నీ బుద్ధి అంటలేదా?"

నేను అప్పటిదాకా పడ్డ నిందలన్నిటిలోకీ ఇది పెద్దది. అయినా ఆవిడ బెంగ నాకు అర్థమైంది. ఎవరు గెలిచినా ఒక కూతురు రోడ్డు అవతల నుంచి లేచి ఇరవై కిలోమీటర్ల అవతలకు పోతుంది. అది ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు, నా చేతిలో ఉన్న యంత్రానికి తెలీదు.

పందెం రోజు గుట్ట దగ్గర తిరునాళ్ళలా ఉంది. చెరుకురసం బండి, వేరుశనక్కాయలు, మైకు పెట్టిన టెంటు. కాలేజీ కుర్రాళ్ళు ట్రాక్టరు తొట్టెల మీద ఎక్కేశారు, రైతులు గట్ల మీద తుండుగుడ్డలు పరుచుకున్నారు. గీత దగ్గర జడ్జీగా రిటైరైన డ్రిల్లు మాస్టారు, భుజాన పచ్చ తువ్వాలు. ఆయన కంటికి తిరుగులేదని పేరు. తువ్వాలు కిందికి దిగితే మొదలు, చివర్లో మళ్ళీ దిగితే మొదటివాడు గీత దాటినట్టు.

డ్రోను పెట్టె మూత తీసేసరికి అమ్మ ఆటో దిగింది, చేతిలో పళ్ళెంతో. పసుపు, కుంకం, హారతి కర్పూరం. కొత్త బండి ఏది ఇంటికొచ్చినా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి గానీ ఆవిడ కదలనివ్వదు. దీనికి చక్రాల్లేవు, అందుకని ఆవిడ కాసేపు ఆలోచించింది. నాలుగు రెక్కలకూ నాలుగు బొట్లు పెట్టింది. తర్వాత కొంగు ముడి విప్పి, నల్లదారానికి గుచ్చిన నిమ్మకాయా ఏడు పచ్చిమిరపకాయలూ తీసి, డ్రోను పొట్ట కింద, కెమెరాకు కాస్త ముందుగా, మూడు ముళ్ళు వేసి కట్టి, కాయకీ ఒక బొట్టు పెట్టింది.

ఇది ఎగిరేదమ్మా, లారీ కాదు అన్నాను. బరువు ఆగదన్నాను. ఆవిడ వినలేదు.

"కన్నున్న కాడే దిష్టి తగుల్తాది. ఇంతమంది సూస్తన్నారు. దీని మీదే కదా నా ఇద్దరల్లుళ్ళ బతుకు ఉన్నాది. ఉండనీ."

ఇద్దరల్లుళ్ళూ బళ్ళ మీద కూర్చుని చూస్తున్నారు. విప్పేద్దామని నేను చెయ్యి పెట్టగానే ఇద్దరి మొహాలూ మారాయి. ఏడాది తర్వాత వాళ్ళిద్దరికీ కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అది. చెయ్యి తీసేశాను.

ఇక్కడ డ్రోను గురించి ఒక ముక్క చెప్పాలి. దానికి బొమ్మ తీసే కన్ను ఒకటైతే, పొట్ట కింద ఇంకో కన్ను ఉంటుంది. నేల ఎంత దూరంలో ఉందో చూసుకోవడమే దాని పని. నేల మరీ దగ్గరైతే అది తనంతట తానే పైకి లేస్తుంది. ఇప్పుడు ఆ కన్ను ముందు నిమ్మకాయ వేలాడుతోంది. అయ్యో, నేల జానెడు దూరంలో ఉంది, తగిలేస్తాను అనుకుని డ్రోను లేచింది. నిమ్మకాయ కూడా వెంటే లేచింది. మళ్ళీ జానెడే. మళ్ళీ లేచింది. నేను కిందికి నొక్కుతున్నాను, అది పైకి పోతోంది. దిష్టికాయకి భయపడి పారిపోతున్న మొట్టమొదటి డ్రోను అదేనేమో.

ఎంత ఎత్తుకు పోయిందో అడక్కండి. ఈ కథ విజయనగరంలో చెప్పేటప్పుడు నా చేతిలోని తెర మీద కోట కనిపించిందంటాను, శ్రీకాకుళంలో చెప్పేటప్పుడు కళింగపట్నం సముద్రం కనిపించిందంటాను. ఏ ఊరి వాళ్ళకు ఆ ఊరిది చూపించడం మర్యాద. ఒక గద్ద మాత్రం నిజంగా వచ్చింది. చుట్టూ రెండుసార్లు తిరిగి, మిరపకాయల దగ్గర ముక్కు పెట్టి, తుమ్మి వెళ్ళిపోయింది. తుమ్మలేదంటారా, పోనీ వెళ్ళిపోయింది. బొటనవేలు నొప్పెట్టేదాకా నొక్కి పట్టుకుని, ఎలాగో గుట్ట కనిపించే ఎత్తులో నిలబెట్టాను. తెర మీద గుట్ట, గుట్ట చుట్టూ బాట, అన్నిటి మీదా గుమ్మడికాయంత నిమ్మకాయ అటూ ఇటూ ఊగుతూ. మిరపకాయలు పచ్చటి వేళ్ళలా ఆడుతున్నాయి.

తువ్వాలు దిగింది. బళ్ళు లేచాయి. ఆ చప్పుడు ఎలాంటిదంటే, ఊళ్ళో ఉన్న పిండిమరలన్నీ ఒకేసారి తగువులాడుకున్నట్టు. మొదటి రౌండులో నూనె డబ్బా బండి మంట పట్టుకుంది, దానిమీదవాడు దిగి డబ్బాను తిట్టి ఆర్పాడు. ఆటో సీటు బండి మలుపు దగ్గర సీటును వదిలేసి ముందుకు వెళ్ళిపోయింది, మనిషి సీటు మీదే ఉండిపోయాడు. రెండో రౌండుకు బాటలో మా బావలే మిగిలారు. నేను డ్రోనును గుట్ట వెనక్కి తిప్పాను. అక్కడ నిటారుగా ఎక్కుడు ఉంటుంది, కంకర జారుతుంది. ఇద్దరూ బుద్ధిగా బాటమ్మటే పోతున్నారు. ముందు చిన్నబావ పొగలు కక్కుకుంటూ, వెనక పెద్దబావ ఆ పొగలో దగ్గుకుంటూ. అడ్డదారి వైపు ఎవరూ చూడను కూడా చూడలేదు.

మూడో రౌండులో గీత వైపు వస్తున్నారు. ఇద్దరి మధ్యా చెయ్యి దూరదు. నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. వంటినిండా చేపల పులుసూ నాటుకోడీ ఉన్నవాడి గుండె కదా, రెండు వైపులా కొట్టుకుంటోంది. డ్రోనును సరిగ్గా గీత మీదకు తెచ్చి, కిందికి నొక్కాను. అది పైకి పోతానంది. ఆ పెనుగులాటలో నిమ్మకాయ ఊగి ఊగి నడిమధ్యన నిలిచింది. బళ్ళు రెండూ నిమ్మకాయ కిందికి వెళ్ళాయి. నిమ్మకాయ అవతల నుంచి బయటికొచ్చాయి. అలాగే తిన్నగా పోయి, బాట చివరి గడ్డికుప్పలో దూరాయి.

గడ్డికుప్పలోంచి రెండు తలలు లేచాయి. పోటీగా నాలుగు చేతులు కూడా లేచాయి, ఎవరికి వారు గెలిచామని.

అందరూ డ్రిల్లు మాస్టారి వైపు తిరిగారు. ఆయన తువ్వాలు ఇంకా భుజాన్నే ఉంది. ఆయన కాసేపు గొంతు సవరించుకున్నారు.

"నాను పైకి సూస్తన్నాను," అన్నారు.

మైకు పట్టుకున్నవాణ్ణి అడిగితే వాడూ పైకే చూశానన్నాడు. ట్రాక్టరు తొట్టెల మీదవాళ్ళు, గట్ల మీదవాళ్ళు, చెరుకురసం బండివాడు, ఒక్కొక్కణ్ణి అడిగాం. నిమ్మకాయా మిరపకాయలూ కట్టుకుని ఆకాశంలో బుర్రున తిరుగుతున్న యంత్రం నెత్తి మీద ఉంటే నేల మీద బళ్ళు ఎవడు చూస్తాడు? వీడియోలో పడాలని చేతులూపినవాళ్ళు కొందరు, కాయ ఎప్పుడు రాలుతుందోనని నోరు తెరుచుకున్నవాళ్ళు కొందరు. నేనా, నేను తెర చూస్తున్నాను. పందెం గెలిచిందెవరో చూసిన ప్రాణి ఆ మైదానంలో ఒక్కటీ లేదు. గద్ద ఉంటే చూసేదేమో, అది అప్పటికే వెళ్ళిపోయింది.

వీడియో చూసి తేలుద్దామన్నారు. సాయంత్రం టీ వేళకు మా ఇంట్లో టీవీకి తగిలించాను. డ్రిల్లు మాస్టారు జడ్జీ హోదాలో కుర్చీలో, బావలిద్దరూ చాప మీద, మధ్యలో నేను. అక్కలిద్దరూ గుమ్మం దగ్గర ఒకరి పక్కన ఒకరు నిలబడి ఒకరి చేతిని ఒకరు పట్టుకున్నారు. అమ్మ వంటగదిలో గిన్నెలు సర్దుతోంది, అవసరం లేని గిన్నెలు కూడా.

గుట్ట వెనక భాగం మొదట వేశాను. ఇద్దరూ కళ్ళార్పకుండా చూశారు. ఎవరూ అడ్డదారిన రాలేదు. అయిపోయాక పెద్దబావ గోడ వైపు చూస్తూ నాతో అన్నాడు.

"మీ సిన్నబావకి సెప్పు, ఆడు బాటమ్మటే వచ్చినాడని నాకు కనపడ్డాదని."

ఆయన చెప్పింది మూరెడు దూరంలో ఉన్న చిన్నబావకు నేను మళ్ళీ చెప్పాను. ఆయనా ఈయన గురించి అదే మాట చెప్పి పంపాడు. వార్త మోసినందుకు టీ ఇస్తారేమో అనుకున్నాను, ఇవ్వలేదు.

చివరి రౌండు వేశాను. గీత కనిపించింది, గీతకు రెండు వైపులా జనం. అందరి మొహాలూ పైకి, అందరి నోళ్ళూ తెరిచి. పళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. డ్రిల్లు మాస్టారు తన నోరు చూసుకుని కుర్చీలో సర్దుకున్నారు. బళ్ళు వచ్చాయి. నిమ్మకాయ కిందికి వెళ్ళేటప్పుడు చిన్నబావ చక్రం మూరెడు ముందుంది. బయటికి వచ్చేటప్పుడు పెద్దబావ చక్రం మూరెడు ముందుంది. గీత సరిగ్గా నిమ్మకాయ కింద ఉంది. ఆపి చూశాం, నెమ్మదిగా తిప్పి చూశాం, దగ్గరికి లాగి చూశాం. దగ్గరికి లాగేకొద్దీ నిమ్మకాయే దగ్గరికొచ్చింది. దాని మీద కుంకంబొట్టు కూడా ఎంతో స్పష్టంగా పడింది. ఇంత మంచి నిమ్మకాయ బొమ్మ నేను ఇంతవరకూ తీయలేదు.

చిన్నక్క ముందు నవ్వింది. నోరు మూసుకుని ఆపుకోబోయి పెద్దక్క భుజం మీద పడింది. ఎందుకంటే నిమ్మకాయ నుంచి బయటికొస్తున్నప్పుడు ఆపితే మా బావలిద్దరి మొహాలూ దొరికాయి. ఇద్దరూ కూడా పైకే చూస్తున్నారు. హ్యాండిళ్ళు పట్టుకుని, నోళ్ళు తెరుచుకుని, కాయ తమ నెత్తిన పడుతుందేమోనని చూసే చూపు. డ్రిల్లు మాస్టారు లేచి నిలబడి, ఇది తేలే పందెం కాదని, తనకు ఆకలేస్తోందని తీర్పు చెప్పారు.

బావలు మాత్రం నవ్వలేదు. మాట మాటే కదా. చుట్టాల ముందు అన్న మాట ఇంకా అలాగే ఉంది. తేలలేదంటే వచ్చే ఏడు దాకా ఇదే ఎడం, ఇదే మౌనం. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఒకసారి ఎనక్కి తిప్పు," అన్నాడు పెద్దబావ. "గుట్ట ఎనకాల ఎక్కుడు కాడికి."

ఏదో తప్పు పట్టుకున్నాడని నాకు భయమేసింది. తిప్పాను. చిన్నబావ బండి ఎక్కుడు ఎక్కుతోంది, వెనక పొగ. పెద్దబావ చాప మీద నుంచి పాకి టీవీకి జానెడు దూరంలో కూర్చున్నాడు.

"ఆ పొగ నీలంగా ఉన్నాది," అన్నాడు, నాతోనే.

"ఎండకి అలాగే కనపడతాదని సెప్పు," అన్నాడు చిన్నబావ, నాతోనే.

"ఎండేటి తమ్ముడా. పిస్టను రింగులు పోనాయి. నూనె కాల్తన్నాది అందులో. ఇలాటి ఇంజినేసుకుని మూడు రౌండ్లు ఎలా తిప్పినావురా?"

ఈసారి నాతో కాదు. నేను ఆ మాట చేరవెయ్యడానికి అలవాటుగా నోరు తెరిచి మూసుకున్నాను.

చిన్నబావ తల దించుకుని చాప పుల్ల ఒకటి పీకాడు. "ఆ సైజు రింగులు ఎక్కడా దొరకలేదన్నయ్యా. ఇజీనగరం తిరిగినాను, సికాకుళం తిరిగినాను."

"నా కాడ డబ్బాలో ఉన్నాయి కదరా."

"నువ్వు మాటాడితే కదా అడగడానికి."

పెద్దబావ మళ్ళీ తెర మీద పొగ వైపు తిరిగాడు. ఆయనకు ఏం తోచిందో నేను ఊహించి చెప్పగలను, నాకు ఊహలకు కొదవలేదు. కానీ ఆయనే అన్నాడు. జబ్బు బండి మీద గెలవడం గెలుపు కాదని, ఓడితే అసలు చెప్పుకోలేమని. ఆ ఇంజిను బాగయ్యాక తప్ప పందెం అనే మాట ఎత్తకూడదని. బాగవ్వాలంటే సిలిండరు విప్పాలి, సాన పట్టాలి, రింగులు కూర్చోబెట్టాలి, అవి అరిగి కుదురుకునేదాకా రోజూ కాసేపు తిప్పుతూ ఉండాలి. అది ఒక్కరోజు పని కాదు.

"సీపురుపల్లి నుంచి రోజూ తోలుకొస్తావేటి నువ్వు?" అన్నాడు చివరికి, కోపంగానే. "రేపు పొద్దున్నే బండి అట్టుకొచ్చీ."

"నువ్వెల్లిపోతావేమో అనుకున్నాను," అన్నాడు చిన్నబావ.

"నానెలా ఎల్తాను, నీ ఇంజిను నా షెడ్డులో ఉంటే."

అమ్మ వంటగదిలోంచి పళ్ళేలు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. ఏ పళ్ళెం ముందు పెట్టిందో చూద్దామని మేమందరం కళ్ళు పెద్దవి చేసుకున్నాం. రెండు చేతులతో రెండూ ఒకేసారి పెట్టింది.

మర్నాడు పొద్దున్న నేను ఆ రోడ్డు మీదుగా వెళ్ళాను. పెద్దబావ షెడ్డు ముందు చిన్నబావ బండి పేగులన్నీ బయటేసుకుని పడుకుంది. ఇద్దరూ దాని మీద వంగి, రింగుకు వదలాల్సిన సందు ఎంతో తెగక ఒకరి మేస్త్రిని ఒకరు తిట్టుకుంటున్నారు. ఇద్దరి మేస్త్రీ ఒకడే కాబట్టి ఆ తిట్లన్నీ ఒకరికే చేరుతున్నాయి. చిన్నబావ షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు.

పంక్చరైన మోపెడ్ ఒకటి నెట్టుకుంటూ ఒక రైతు వచ్చి రోడ్డు మధ్యన ఆగాడు. ఏడాదిగా ఆ రోడ్డు మీద ఎవరైనా ఏదో ఒక వైపు తేల్చుకుని తిరగాల్సి వచ్చేది. ఆయన ఇటు చూశాడు, అటు చూశాడు, గొంతు సవరించుకున్నాడు. బావలు తల ఎత్తలేదు. ఆయన మళ్ళీ దగ్గాడు.

"ఆ ఎదుటి షెడ్డులోకి తోసీ," అన్నాడు పెద్దబావ, సిలిండరు లోంచి తల తియ్యకుండానే. "మాలో ఎవులో ఒకరం వస్తాం."